గేజీ పుస్తకం

కంభం చెరువు కట్ట మీద, పొద్దున ఆరున్నర.
అమ్మ చెప్పులు విడిచి మెట్లు దిగుతుంది.
పెద్ద తూము దగ్గర రాతి స్తంభం మీద అంకెలు
సగం సున్నం రాలి, సగం పాచి పట్టి
ఆమెకొక్కదానికే అర్థమయ్యే చేతిరాతలా ఉంటాయి.
"పన్నెండు అడుగుల మూడంగుళాలు" అంటుంది.
నేను రాస్తాను.

నాన్న పోయాక వచ్చిన ఉద్యోగం.
లస్కరు హుస్సేనమ్మ.
తూము తిప్పడానికి ఆడమనిషా అని
మొదట్లో ఆయకట్టు రైతులు నవ్వారట,
ఆఖరి మడికి నీళ్లెక్కిన ఏడాది నవ్వడం మానేశారట.
ఈ రెండో మాట అమ్మ చెప్పలేదు,
గురవయ్య మామ చెప్పాడు.

పోయిన మే నెలలో
మిలాన్‌లో నేను ఆదివారాలు అంట్లు తోమిన డబ్బుకి
అమ్మ పీఎఫ్ కొంత కలిసి ఒక టికెట్ అయింది.
పదకొండు రోజులు సెలవు.
చీర మీద నా పాత కోటు, కాళ్లకు మేజోళ్లు,
ఒళ్లో గోంగూర పచ్చడి సీసా,
రైలెక్కించి కోమో సరస్సుకి తీసుకుపోయాను.

నేను చూపించాలనుకున్నవి వేరే.
నీళ్లలోకి కాళ్లు చాపుకుని కూర్చున్న కొండలు,
వాటి నెత్తిన ఇంకా కరగని మంచు,
పసుప్పచ్చ గోడలు, కిటికీల కింద పూలకుండీలు.
"చూడమ్మా" అన్నాను.
చూసింది.
"బాగుంది" అంది,
పెళ్లివారింట్లో కూర బాగుందన్నట్టు.
కాసేపాగి అడిగింది:
"దీనికి తూము యాడుంది?"

ఇది చెరువు కాదమ్మా, ఎవరూ తవ్వలేదు,
దానంతట అదే ఏర్పడిన సరస్సు.
"ఏర్పడితే ఏర్పడింది.
నీళ్లు యాడికన్నా పోవాల గదా."

రెండేళ్లుగా అక్కడ చదువుతున్నాను.
ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో నాకు తెలీదు.

పడవ టికెట్లమ్మే ముసలాయన్ని అడిగాను
నా వచ్చీరాని ఇటాలియన్‌లో.
ఆయన టోపీ వెనక్కి నెట్టి, దక్షిణానికి చెయ్యి చూపి
చాలాసేపు చెప్పాడు. వెనక క్యూలో జనం గొణిగారు.
కింద గేట్లున్నాయట. ఏటి పేరు అడ్డా అట.
అమ్మ ఫక్కున నవ్వింది:
"మన కూలోళ్లు నిలబడే అడ్డానా?"
ఆ ఏరూ పనికే పోతుందట,
మొక్కజొన్నకు, ఇంకా కిందికి పోతే వరికి.
"వరా!"
మంచుకొండలకు రాని వెలుగు
ఆ ఒక్క మాటకి వచ్చింది ఆమె ముఖంలోకి.

ఇనపగేట్ల బంగళాలు దాటుకుంటూ నడిచాం.
ఒకచోట రేవు మెట్లు, ఏ గేటూ లేనివి.
కోటు ఎగ్గట్టి దిగి కూర్చుంది.
రాతి మీది పాచిగీతను బొటనవేలితో తడిమి
గీతకీ నీళ్లకీ మధ్య వేళ్లు ఆనించి కొలిచింది.
ఫోటో తీయబోయి ఆగాను.
వీపు మాత్రమే కనిపిస్తోంది.
చిన్నప్పటి నుంచీ ఈ కట్ట మీద నుంచి
నేను చూస్తున్న వీపే.

తిరుగు రైల్లో సొరంగాలు దాటుతుంటే
నిద్రపోయిందనుకున్నాను.
"ఆఖరి మడికి అందుతాయా అని అడగాల్సింది" అంది
కళ్లు తెరవకుండా.

ఇప్పుడు సెలవులకొచ్చి ఈ పుస్తకం తిరగేస్తుంటే
మే నెలలో పదకొండు గడులూ గురవయ్య మామ రాత,
కోడిగుడ్లంత అంకెలు.
పంతొమ్మిదో తారీఖు పక్కన, మార్జిన్‌లో,
పెన్సిలుతో అమ్మ:
"కోమో. గీతకు నాలుగు వేళ్లు కింద."

"ఏఈ గారు అడగలేదా, ఇదేందని?"
"అడిగినాడు."
"ఏం చెప్పావు?"
"నీళ్లు చూసి రాయకుండా ఎట్టా ఉంటాను సార్ అన్నా."

చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి
చక్రం మీద చెయ్యి వేసింది. తుప్పు, గ్రీజు వాసన.
"అటు పట్టుకో. మూడు చుట్లు చాలు."
పట్టుకున్నాను.
కదల్లేదు.
ఇంకోసారి అన్నది అమ్మ, నాతో కాదు, చక్రంతో.
అప్పుడు కదిలింది.